షుగర్ తగ్గాకే అరికాళ్ల మంటలు ఎందుకు ఎక్కువయ్యాయి?

ప్రశ్న: డాక్టరుగారూ, మాది గుంటూరు. మావారికి 58 ఏళ్లు, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. 11 ఏళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 10.2 వచ్చిందని ఈమధ్య ఇన్సులిన్ మొదలుపెట్టారు. అన్నం కూడా బాగా తగ్గించారు. మూడు నెలల్లో 7.3కి దిగింది. సంతోషపడేలోపే అరికాళ్ల మంటలు మొదలయ్యాయి. పగలు పనిధ్యాసలో పడి ఊరుకుంటారు. రాత్రి పది దాటితే కారం పూసినట్టు ఉందంటూ లేచి కూర్చుంటారు. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేరు. తడిగుడ్డ చుట్టి, కర్పూరం కలిపిన కొబ్బరినూనె రాస్తున్నాను. ఇన్సులిన్ పడకే ఇలా అయిందని, మానేస్తానని ఆయన పట్టుబడుతున్నారు. నరాల బలానికి పది ఇంజెక్షన్లు చేయించమని మందుల షాపులో చెప్పారు. ఏటా భవానీ దీక్ష తీసుకుంటారు, ఈసారీ మాల వేసుకుంటానంటున్నారు. ఈ నరాలు మళ్లీ బాగవుతాయా? ఇంకోమాట, ఈమధ్య నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా ఆయనకు తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, చివర్లో ‘ఇంకోమాట’ అంటూ మీరు రాసిందే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. మంట గురించి అంత రాసి, చెప్పు జారడం గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. నా దగ్గరికి వచ్చేవాళ్లూ అంతే. మంట నిద్ర చెడగొడుతుంది కాబట్టి దానికి మందు అడుగుతారు. మొద్దుబారిన కాలు ఏ బాధా పెట్టదు కాబట్టి దాని ఊసే ఎత్తరు. కాలు పోగొట్టుకునే పరిస్థితి తెచ్చేది ఎక్కువగా ఆ మొద్దుబారడమే. అయినా ముందు మంట సంగతే చెబుతాను, ఎందుకంటే ఆయన ఇన్సులిన్ మానేసేలోపే ఈ మాట మీకు అందాలి.

ఇన్సులిన్ మానొద్దు. అది పడక వచ్చిన మంట కాదు ఇది. ఏళ్ల తరబడి ఎక్కువ షుగర్‌కు అలవాటుపడిన నరాలకు, అది ఒక్కసారిగా పడిపోతే కొందరిలో ఇలా మంటలు లేస్తాయి. మూడు నెలల్లో హెచ్‌బీఏ1సీ రెండు పాయింట్లకు మించి తగ్గినవాళ్లలో ఈ ప్రమాదం కనిపిస్తుంది. మీవారికి దాదాపు మూడు తగ్గింది. ఇన్సులిన్‌తోనే రావాలని లేదు, మాత్రలతోనో కడుపు మాడ్చుకునో షుగర్ వేగంగా దించినా వస్తుంది. చాలామందిలో కొన్ని నెలలకు, కొందరిలో ఏడాది పైచిలుకుకు ఇది దానంతటదే నెమ్మదిస్తుంది. ఇప్పుడు ఇంజెక్షన్ మానేసి షుగర్‌ను మళ్లీ పదికి ఎక్కిస్తే మంట పోకపోగా, నరం ఇంకాస్త చెడుతుంది. 7.3 మంచి అంకె. దాన్ని అక్కడే నిలకడగా ఉంచితే చాలు, ఇంకా కిందికి దించాలని ఇప్పుడు తొందరపడొద్దు. ఇంత వేగంగా షుగర్ తగ్గినప్పుడు కంటి లోపలి తెర (రెటీనా) కూడా కొందరిలో తాత్కాలికంగా దెబ్బతింటుంది. ఈ నెలలోనే కంటి డాక్టరుకు చూపించండి. చూపు బాగానే ఉందని ఆగొద్దు.

అసలు నరం ఎందుకు చెడుతుందో కూడా రెండు ముక్కల్లో చెబుతాను. నడుము దగ్గర బయల్దేరి కాలివేలి కొస దాకా వెళ్లే నరం సుమారు మీటరు పొడవుంటుంది. దానికి తిండి అందించేవి వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలు. రక్తంలో షుగర్, కొవ్వు ఎక్కువైతే ఆ నాళాలు పాడవుతాయి, నరంలో జరగాల్సిన పనులూ గాడి తప్పుతాయి. చివరి పొలానికి కాలవ నీళ్లు అందనట్టే, అన్నిటికన్నా పొడవైన నరానికే ముందు కష్టం వస్తుంది. అందుకే ఈ జబ్బు కాలివేళ్లతో మొదలై, మేజోడు తొడిగినట్టు రెండు కాళ్లకూ సమానంగా పైకి పాకుతుంది. చేతులకు వచ్చేది సాధారణంగా అది మోకాళ్ల దాకా చేరాకే. ఒక్క కాలికే ఉన్నా, చేతులతో మొదలైనా, కొద్ది వారాల్లోనే కాళ్లు పడిపోతున్నట్టున్నా షుగర్ మీదికి నెట్టేయకుండా వేరే కారణం వెతకాలి. చర్మం మీద స్పర్శలేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే కుష్ఠు అనుమానం కూడా తీర్చుకోవాలి. దానికి పూర్తిగా నయం చేసే మందు ఉంది.

ఇక ఆ పది ఇంజెక్షన్లు. చేయించే ముందు బీ12 రక్తపరీక్ష చేయించండి. వరస ముఖ్యం. ఇంజెక్షన్ పడ్డాక పరీక్ష చేస్తే అంకె పెరిగి కనిపిస్తుంది, అసలు లోపం ఉందో లేదో ఎప్పటికీ తేలదు. 11 ఏళ్లు మెట్‌ఫార్మిన్ వాడినవారిలో బీ12 తగ్గడం మామూలే. ఆయన శాకాహారి అయితే ఇంకా ఎక్కువ. ఆ లోపం కూడా అచ్చం ఇలాంటి తిమ్మిర్లే తెస్తుంది. రక్తహీనత లేకపోయినా నరాలను తినేస్తుంది. బీ12 మిల్లీలీటరు రక్తంలో 200 పికోగ్రాముల కన్నా తక్కువ ఉంటే ఆ ఇంజెక్షన్లు నిజంగా పనిచేస్తాయి, తప్పక చేయించాలి. మామూలుగా ఉంటే వాటితో ఒరిగేది పెద్దగా ఉండదు. ‘నరాల బలం’ మాత్రలు రెండు మూడు రకాలు కలిపి వాడేవాళ్లను చూస్తుంటాను. వాటిలో ఉండే బీ6 ఎక్కువ మోతాదులో చాన్నాళ్లు వాడితే అదే నరాలను పాడుచేస్తుంది. బీ12తో పాటు థైరాయిడ్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా చూపించండి. మద్యం అలవాటుంటే డాక్టరు దగ్గర దాచొద్దని ఆయనకు చెప్పండి. ఖరీదైన నెర్వ్ టెస్టు ఇలాంటి వారిలో చాలామందికి అక్కర్లేదు. మంట ఒక్కటే ఉన్న తొలిదశలో అది నార్మల్ అని కూడా రావచ్చు.

రాత్రి మంటకు మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు. డైక్లోఫెనాక్ లాంటివి షాపులో కొని మింగితే నష్టపోయేది కిడ్నీలే. నరాల నొప్పికి వాడే మందులు వేరు: ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్. చివరి రెండూ డిప్రెషన్‌కు కూడా వాడతారు. చీటీ మీద ఆ పేరు చూసి ‘నాకేం పిచ్చా’ అని పారేసినవాళ్లున్నారు. నొప్పి కబురు వెన్నుపాములో పైకి పోకుండా తగ్గించడానికి వాటిని వాడతాం. అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్, ప్రీగాబలిన్‌లలో దేనితో మొదలుపెట్టినా ఫలితం ఇంచుమించు ఒకటేనని, ఒకటి చాలకపోతే రెండోది కలిపితే మేలని 2022లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం చూపించింది. కాబట్టి ఏది మంచిదన్నది మనిషిని బట్టి ఉంటుంది. ప్రోస్టేటు ఇబ్బంది, గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె జబ్బు ఉన్నవారికి అమిట్రిప్టిలిన్ జాగ్రత్తగా ఇవ్వాలి, ఒక్కోసారి అసలు ఇవ్వకూడదు. ప్రీగాబలిన్‌తో మగత, తూలు, కాళ్ల వాపు రావచ్చు. కిడ్నీ మందగిస్తే మోతాదు తగ్గించాలి. మీవారు తెల్లవారుజామునే స్కూటరు మీద యార్డుకు వెళ్లేవారైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మోతాదు కొద్దికొద్దిగా పెంచుతారు, గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి లాభం లేదని మానొద్దు. పదికి ఎనిమిది ఉన్న మంట నాలుగుకు దిగి, ఆయన రాత్రి ఆరుగంటలు నిద్రపోతే మందు పనిచేసినట్టే. పూర్తిగా మాయమవ్వాలని ఆశపడితే మంచి మందును కూడా పనికిరాదనుకుంటాం. ఖర్చు భారమైతే జనఔషధి దుకాణాల్లో జనరిక్ మందులు అడగండి.

కారం పూసినట్టు ఉందని ఆయన అన్నారు కదా, ఆ మాటలో నిజం ఉంది. మీ యార్డులో టిక్కీల్లోంచి (మిర్చి బస్తాల్లోంచి) ఎగిసే ఘాటుకు మూలం క్యాప్సైసిన్. వేడిని, మంటను పసిగట్టే నరాల కొసల్లో ఒక ద్వారం ఉంటుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే తెరుచుకుంటుంది. దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. ఆ ద్వారాన్ని పదేపదే తట్టగా తట్టగా నరం కొస అలసి ఊరుకుంటుంది. ఆ కిటుకుతోనే 0.075 శాతం క్యాప్సైసిన్ క్రీము తయారైంది. రోజుకు మూడు నాలుగుసార్లు రాస్తే మొదటి వారం పది రోజులు మంట ఇంకా పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. పుండు మీద, పగుళ్ల మీద రాయకూడదు. రాశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఇది చదివి ఇంట్లో మిరపకాయలు నూరి పూయొద్దమ్మా. స్పర్శ తగ్గిన చర్మం కమిలిపోయినా ఆయనకు తెలియదు.

కర్పూరం నూనె, బాములు, వేడినీళ్ల కాపడం మానేయండి. తడిగుడ్డ చుట్టి అలాగే పడుకోబెట్టొద్దు, వేళ్ల సందులు నాని ఒరుస్తాయి. పడుకునే ముందు పది నిమిషాలు చల్లని నీళ్లలో పాదాలు ఉంచి, వేళ్ల సందులు మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టండి. ఐస్ వద్దు. దుప్పటి తగలకుండా కాళ్ల దగ్గర ఒక అట్టపెట్టె అడ్డం పెట్టి దానిమీద కప్పండి. చాలామందికి నిద్ర తెచ్చే చిట్కా ఇది, పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు ఆ జారిపోయిన చెప్పు. ఈ రాత్రే ఒక చిన్న పరీక్ష చేయండి. ఆయన్ని పడుకోబెట్టి కళ్లు మూసుకోమనండి. మీ చూపుడువేలి కొసతో ఆయన కుడికాలి బొటనవేలి కొసను ఒకటి రెండు క్షణాలు ఈక వాలినట్టు తాకండి. నొక్కొద్దు, తట్టొద్దు, నిమరొద్దు. తగిలినప్పుడు ‘కుడి’ అనో ‘ఎడమ’ అనో చెప్పమనండి. తర్వాత కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, చివరగా రెండు కాళ్ల నడిమి వేళ్లు. మొత్తం ఆరు చోట్లు. తెలియకపోతే రెండోసారి తాకొద్దు. రెండు చోట్లు, అంతకు మించి తెలియకపోతే ఆ పాదాలు ప్రమాదంలో ఉన్నట్టే. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రిలో పుట్టిన పరీక్ష ఇది. ఆసుపత్రిలో మేం నైలాన్ పోగుతో, శ్రుతిదండంతో (ట్యూనింగ్ ఫోర్కుతో) చేసే పరీక్షకు ఇంట్లో ఇది మంచి తోడు.

భవానీ దీక్ష ఆయనకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. నేను విజయవాడలో ప్రాక్టీసు చేస్తున్నాను. దీక్షా విరమణ రోజులు గడిచాక నా ఓపీలో పాదాల పుండ్లు ఎక్కువగా కనిపిస్తాయి. 41 రోజులు ఉత్తకాళ్లతో తిరగడం, గిరిప్రదక్షిణ, మెట్లు. స్పర్శ ఉన్న పాదం రాయి గుచ్చుకుంటే వెనక్కి తీసుకుంటుంది, స్పర్శ లేని పాదం ఆ రాయి మీదే బరువు మోపి నడుస్తుంది. ఒక పెద్దాయన మే నెలలో మిట్టమధ్యాహ్నం ఒక గుళ్లో ప్రదక్షిణలు చేసి ఇంటికొచ్చారు. సాయంత్రం గచ్చు మీద తడి అడుగులు కనిపిస్తే, కాళ్లు కడుక్కుని తుడుచుకోలేదని భార్య విసుక్కుంది. అది నీళ్లు కాదు, రెండు అరికాళ్లలో బొబ్బలు చితికి కారిన రసి. ఆయనకు అప్పటిదాకా ఏమీ తెలియదు. ఆ పాదాలు మానడానికి నాలుగు నెలలు పట్టింది, ఒక వేలు తీసేయాల్సి వచ్చింది.

మీవారిని మాల వేసుకోవద్దని నేను అనను. చెప్పుల్లేకుండా నడవొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. గురుభవానీతో మాట్లాడి జబ్బు సంగతి వివరించండి. చెప్పులు విడవక తప్పనిచోట మందపాటి నూలు మేజోళ్లు వేసుకుని, ఎండ ముదరకముందే దర్శనం చేసుకుని రమ్మనండి. ఈ ఒక్క సడలింపు అమ్మవారి మీద భక్తిని ఏమాత్రం తగ్గించదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

రోజూ రాత్రి ఆయన పాదాలు మీరే చూడండి. ఆయనకు వంగి చూసుకోవడం కష్టం, 58 ఏళ్ల కంటికి సన్నని చీలిక ఆనదు కూడా. అరికాలు, మడమ, ముఖ్యంగా వేళ్ల సందులు. మడమ పగుళ్లకు వాజలీన్ రాయండి, సందుల్లో మాత్రం రాయొద్దు. ఆనెకాయలు బ్లేడుతో కోయనివ్వొద్దు, ఆనెకాయలకు అంటించే పట్టీలూ వద్దు, వాటిలో యాసిడ్ ఉంటుంది. స్నానం నీళ్ల వేడి మీరు మోచేత్తో చూసి పోయండి. ఇంట్లో కూడా చెప్పులు ఉండాలి. రబ్బరు హవాయి చెప్పులు జారిపోతాయి కాబట్టి, వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ (మెత్తని ప్రత్యేక రబ్బరు) చెప్పులు కొనండి. పాదం వాచే సాయంత్రం పూట కొలత ఇవ్వండి. ఎంత చిన్న పుండైనా అదేరోజు డాక్టరుకు చూపించాలి. దెబ్బ తగలకుండానే పాదం ఎర్రగా వాచి, రెండోదాని కన్నా వేడిగా ఉంటే, నొప్పి లేకపోయినా నడవనివ్వకుండా వెంటనే తీసుకెళ్లండి. లోపల ఎముకలు కుంగిపోతూ ఉండొచ్చు.

నరాలు మళ్లీ బాగవుతాయా అని అడిగారు. దాచకుండా చెబుతాను. షుగర్ వేగంగా తగ్గడం వల్ల లేచిన మంట తగ్గే అవకాశం చాలా ఉంది. బీ12 లోపం బయటపడి త్వరగా సరిచేస్తే అందువల్ల వచ్చిన భాగం కూడా చాలావరకు కోలుకోవచ్చు. ఏళ్ల తరబడి పోయిన స్పర్శ మాత్రం తిరిగి రావడం కష్టం. ఉన్నది పోకుండా కాపాడుకోవడం మన చేతుల్లో ఉంది: నిలకడైన షుగర్, అదుపులో బీపీ, ట్రైగ్లిజరైడ్లు, సిగరెట్టో బీడీయో ఉంటే పూర్తిగా మానడం, మంచి చెప్పులతో రోజూ అరగంట నడక. రాత్రి లేచేటప్పుడు కళ్లు తిరుగుతున్నా, తిన్నది అరగక కడుపు బిగదీసినా, చెమటలు పట్టకుండానే షుగర్ పడిపోతున్నా చెప్పండి. లోపలి అవయవాల నరాలకూ ఇదే జబ్బు వస్తుంది.

ప్రైవేటు ఖర్చు భరించలేకపోతే గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) మెడిసిన్ ఓపీకి తీసుకెళ్లండి. మేజోళ్లు విప్పించి పాదాలు చూడమని, కాలి నాడి కూడా పట్టి చూడమని మీరే అడగండి, మొహమాటపడొద్దు. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులతో పాటు ఆయన రోజూ యార్డుకు వేసుకెళ్లే చెప్పులు కూడా సంచిలో పెట్టుకోండి. అడుగు ఎక్కడ ఎక్కువగా అరిగిందో, ఏదైనా మేకు దిగి ఉందో చూడాలి.