ఆయనకు ఆ కథ చివర తెలియదు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నాకిప్పుడు 44 ఏళ్లు. ఏడేళ్లప్పుడు చెరువులో మునిగిపోయాను. గట్టు మీద పదిమంది దాకా ఉన్నారట. నేను అరవలేదు. నీళ్లలో ఆడుకుంటున్నానే అనుకున్నారట అందరూ. అటుగా సైకిల్ మీద వెళ్తున్న ఒకాయన సైకిల్ పడేసి దూకి, నా జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగాడు. నేను దగ్గి, నీళ్లు కక్కి, ఏడుపు మొదలుపెట్టగానే మావాళ్ల చేతుల్లో పెట్టి వెళ్లిపోయాడు. పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. నాకు గుర్తున్నవి మూడే: జుట్టు లాగిన నొప్పి, తడిసిన నీలం చొక్కా, గట్టు మీద పడి ఉన్న సైకిల్ చక్రం ఇంకా తిరుగుతూ ఉండటం. మా అమ్మ బతికున్నన్నాళ్లూ నా ప్రతి పుట్టినరోజుకీ 'ఆ మహానుభావుడు ఎక్కడున్నా చల్లగా ఉండాలి' అనేది.

ఈ మధ్య దూరపు బంధువొకరు, 'ఆ రోజు దూకింది ఫలానా ఆయనే అయ్యుండాలి' అని ఒక పెద్దాయన గురించి చెప్పారు. ఆయనకు 70 దాటాయట. నాలుగు నెలలుగా వెళ్దామనుకుంటూ ఆగిపోతున్నాను. ఏం మాట్లాడాలి? ఆయనకు అసలు గుర్తుంటుందా? డబ్బేమైనా ఇవ్వాలా? ఇంకో సంగతి కూడా ఉంది. ఒక మనిషి ప్రాణానికి తెగించి కాపాడినంత గొప్పగా నేనేమీ బతకలేదు. చిన్న ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, అంతే. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలా అనిపిస్తోంది.

జవాబు: వెళ్లండి. ఈ పత్రిక మీ చేతికి అందిన వారంలోనే వెళ్లండి. ఎందుకింత తొందరపెడుతున్నానో తెలియాలంటే నా సంగతి ఒకటి చెప్పాలి.

నేను 31 ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఎక్కువ కాలం ఎమర్జెన్సీ వార్డులోనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం నీళ్లలో మునిగిన బాబును తీసుకొచ్చారు. ఐదేళ్లుంటాయి. ఊపిరి ఆడుతోంది, ఏడుస్తున్నాడు. అయినా అలాంటి పిల్లల్ని వెంటనే ఇంటికి పంపరు. ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతే, పైకి బాగానే కనిపించినా తర్వాతి కొన్ని గంటల్లో ఊపిరి అందకపోవచ్చు. అందుకని కనిపెట్టుకుని ఉంటారు. ఆ రాత్రంతా వాడి మంచం పక్కనే ఉన్నాను. తెల్లారేసరికి తేరుకున్నాడు, మర్నాడు ఇంటికి వెళ్లిపోయాడు.

వాడు వెళ్లిన సాయంత్రమే ఒకతను వచ్చాడు. పాతికేళ్లుంటాయేమో. చేతిలో చిన్నపిల్లల చెప్పు, ఒక్కటే. "ఇది ఒడ్డున దొరికింది సిస్టర్. బాబుదే. ఎలా ఉన్నాడు?" అన్నాడు. నీళ్లలోంచి తీసింది తనేనట.

"మీరు వాళ్లకు ఏమవుతారు?" అన్నాను.

"ఏమీ కానండీ."

బంధువులు కానివాళ్లకు పేషెంటు వివరాలు చెప్పకూడదని రూలు. "చెప్పకూడదండీ" అన్నాను. చెప్పు మాత్రం తీసుకున్నాను. అతను కాసేపు అక్కడే నిలబడి, తలూపి వెళ్లిపోయాడు.

రూలు తప్పని ఇప్పటికీ అనను. కానీ ఆ బాబు తల్లిదండ్రులకు కబురు పెట్టి, 'మీవాణ్ని తీసినాయన వచ్చారు, చెప్పమంటారా?' అని అడగొచ్చు కదా. అతని పేరు రాసి పెట్టుకోవచ్చు కదా. నాకు తోచలేదు. తోచేసరికి అతను గేటు దాటిపోయాడు. ఇప్పుడతనికి 60 దాటి ఉంటాయి. బాబు బతికాడో లేదో తెలియకుండానే ఇన్నేళ్లూ గడిచిపోయి ఉంటాయి. చెప్పు పట్టుకున్న ఆ చెయ్యి నాకిప్పటికీ కళ్లకు కడుతుంది.

మీ పెద్దాయన సంగతీ అంతే. మీరు దగ్గి ఏడవడం వరకే ఆయన చూశారు. ఆ రాత్రి జ్వరం వచ్చిందా, ఊపిరి ఆడిందా, మీరు మళ్లీ బడికి వెళ్లారా, ఆయనకేమీ తెలియదు. ఆయనకు చేరాల్సిన కబురొకటి 37 ఏళ్లుగా మీ దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఇంకెవరూ తీసుకెళ్లలేరు.

'నేను అరవలేదు' అని రాశారు. ఆ మాటలో కాస్త సిగ్గు వినిపించింది నాకు. మునిగిపోయేవాళ్లు అరవలేరు. నోరు నీటి పైకి వచ్చే ఆ క్షణం ఊపిరి తీసుకోవడానికే చాలదు, ఇక కేకెక్కడిది? చేతులెత్తి ఊపడం కూడా వాళ్ల వశంలో ఉండదు. చేతులు పక్కలకు చాచుకుపోయి నీటిని కిందికి నొక్కుతూ ఉంటాయి. అమెరికాలో ఫ్రాంక్ పియా అనే లైఫ్‌గార్డ్ ఏళ్ల తరబడి గమనించి ఈ సంగతి వివరించారు. ఆ స్థితిలో మనిషి నీటి మీద ఉండగలిగేది 20 నుంచి 60 సెకన్లేనని చెప్పారు. దూరం నుంచి చూసేవాళ్లకు అది ఆటలాగే కనిపిస్తుంది. కాబట్టి గట్టు మీదున్న ఆ పదిమందిని కూడా తప్పుపట్టకండి. కానీ ఒక్కసారి ఆలోచించండి. నిలబడి చూస్తున్నవాళ్లకే అర్థం కానిది, సైకిల్ మీద కదిలిపోతున్న మనిషికి అర్థమైంది. దూకడం ఆ తర్వాతి సంగతి. ముందు ఆయన మిమ్మల్ని *చూశారు*. నేనైతే మొదట దానికి దండం పెడతాను.

ఇక మీ జుట్టు నొప్పి. మునిగేవాళ్లు ఎదురుగా వచ్చినవాళ్లను వాటేసుకుని వాళ్ల మీదికి ఎక్కేస్తారు. అలా కాపాడబోయినవాళ్లే ప్రాణాలు పోగొట్టుకుంటారు. అందుకే నీటి సంగతి తెలిసినవాళ్లు వెనక నుంచి వచ్చి పట్టుకుంటారు. జుట్టు దొరికితే జుట్టే. మిమ్మల్ని జుట్టు పట్టి లాగారంటే ఆయనకు ఆ ప్రమాదం తెలిసే ఉంటుందని నాకనిపిస్తోంది. తెలిసే దూకారు. (ఇది చదివేవాళ్లకు ఒక మాట. ఆ పద్ధతి రానివాళ్లు ఎంత కంగారుగా ఉన్నా నీళ్లలోకి దూకొద్దు. ఒడ్డున ఉండే కర్రో తాడో అందించండి, తేలే వస్తువేదైనా విసరండి, మనుషుల్ని పిలవండి.)

ఆయనకు గుర్తుంటుందా అన్నారు. ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అసలు ఆ రోజు దూకింది ఈయనేనో కాదో కూడా తేల్చుకోవాలి కదా. ఇక్కడొక జాగ్రత్త అవసరం. నీలం చొక్కా, సైకిల్, జుట్టు, ఇవేవీ ముందుగా మీరు చెప్పేయకండి. మనిషి జ్ఞాపకం చాలా మెత్తని వస్తువు. 1995లో ఎలిజబెత్ లోఫ్టస్, జాక్వెలిన్ పిక్రెల్ అనే శాస్త్రవేత్తలు 24 మందికి వాళ్ల చిన్నతనంలో జరగని సంఘటన ఒకటి, బజారులో తప్పిపోయినట్టు, నిజంగా జరిగిన వాటితో కలిపి చెప్పారు. వాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది అది తమకు పూర్తిగానో కొంతగానో గుర్తుందన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు, నమ్మారు. మీరు ఆశగా వివరాలన్నీ చెబితే, మీ మొహం చూసి ఆ పెద్దాయన కూడా అవునవును అనొచ్చు. 'చిన్నప్పుడు ఒక చెరువు దగ్గర నాకు ప్రమాదం జరిగింది, మీరు ఉన్నారని విన్నాను' అని ఊరుకోండి. మిగతాది ఆయన్ను చెప్పనివ్వండి.

మీ జ్ఞాపకాల్లోనూ ఆ చక్రం నాకు కొంచెం అనుమానమే. మిమ్మల్ని ఒడ్డుకు తెచ్చేదాకా అది తిరుగుతూ ఉంటుందా? ఎవరో చెప్పగా మీ మనసు వేసుకున్న బొమ్మ కావచ్చు. అయితే అవనివ్వండి. నొప్పి మాత్రం మీదే.

ఆయన కాదని తేలితే కాదనే ఒప్పుకోండి. వెళ్లినందుకు నష్టమేమీ లేదు.

ఏం మాట్లాడాలన్న టెన్షన్ దాదాపు అందరికీ ఉండేదే. 2018లో అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు కొందరి చేత, తమకు మేలు చేసినవాళ్లకు ఉత్తరాలు రాయించారు. అందుకున్నవాళ్లు ఇబ్బంది పడతారేమోనని రాసినవాళ్లు ఊహించినంతగా వాళ్లు ఇబ్బంది పడలేదు. ఊహించినదానికన్నా ఎక్కువ సంతోషించారు. మాటలు సరిగ్గా కుదరలేదేమోనన్న బెంగ రాసేవాళ్లదే. కాబట్టి ఉపన్యాసం తయారు చేసుకోకండి. ముందు వాళ్లింట్లోవాళ్లకు ఫోన్ చేసి, ఆయన ఆరోగ్యం, వీలు కనుక్కోండి. వెళ్లాక మీ అమ్మగారు ప్రతి పుట్టినరోజుకీ అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పండి. అంతకు మించిన మాట నాకైతే తోచడం లేదు.

డబ్బు వద్దు. మొదటిసారి అసలే వద్దు. ఆ రోజు ఆయన పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు, ఇప్పుడు కవరు చేతిలో పెడితే ఆయన మనసు చిన్నబోతుంది. నిజంగా ఇబ్బందుల్లో ఉన్నారని తెలిస్తే తర్వాత ఇంట్లోవాళ్లతో మాట్లాడి, బంధువు చేసినట్టు చెయ్యండి.

ఏ మొహం పెట్టుకుని అన్నారు. ఈ మాట నన్ను బాధపెట్టింది. నికొలస్ వింటన్ అని ఒకాయన ఉండేవారు. 1939లో, రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తుండగా, హిట్లర్ నాజీల బారిన పడకుండా చెకోస్లొవేకియా నుంచి 669 మంది పిల్లల్ని, ఎక్కువమంది యూదుల పిల్లలే, మరికొందరితో కలిసి రైళ్లలో బ్రిటన్ చేర్చారు. ఆ పిల్లల్లో చాలామందికి తమను బతికించింది ఎవరో దాదాపు 50 ఏళ్లు తెలియదు. 1988లో బీబీసీ వాళ్లు ఆయన్ను ఒక టీవీ కార్యక్రమానికి పిలిచి ప్రేక్షకుల మధ్య కూర్చోబెట్టారు. ఈయన వల్ల ప్రాణం దక్కినవాళ్లు ఎవరైనా ఉంటే లేవమనగానే, ఆయన చుట్టూ కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడ్డారు. ఆయన వెనక్కి తిరిగి చూసి కళ్లు తుడుచుకున్నారు. అలా లేచినవాళ్లను ఎవరూ 'నువ్వేం సాధించావు?' అని అడగలేదు. వాళ్లు నిలబడి ఉండటమే ఆయనకు చాలింది. అప్పటి నుంచి 2015లో 106 ఏళ్ల వయసులో పోయేదాకా ఆయనకు వాళ్లతో రాకపోకలు సాగాయి.

మీ పెద్దాయన దూకేటప్పుడు ఈ పిల్లాడు పెద్దయ్యాక ఏమవుతాడని లెక్కేసుకోలేదు. అంత టైమూ లేదు. మీ ఇద్దరు పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. మీరు 'అంతే' అని రాసిన మాటలో ఉన్నది వాళ్లే. ఆయన్ను చూడనివ్వండి.

ఏం జరిగిందో నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: ఆంటీ, నాకు 16 ఏళ్లు. ఆరేళ్లప్పుడు పెద్ద ఆపరేషన్ జరిగింది. అప్పుడు ఎక్కించిన రక్తం వల్లే బతికానని అమ్మ చెబుతుంది. ఎవరు ఇచ్చారో చెప్పరట. పేరు కూడా తెలియనివాళ్లకు థాంక్స్ ఎలా చెప్పాలి?

జవాబు: తల్లీ, నీలాగే జేమ్స్ హారిసన్ అని ఆస్ట్రేలియాలో ఒక అబ్బాయి ఉండేవాడు. 1951లో, 14 ఏళ్లప్పుడు, ఛాతీకి పెద్ద ఆపరేషన్ జరిగి ఎవరెవరిదో రక్తం చాలా ఎక్కించారు. 18 నిండగానే తానూ ఇవ్వాలనుకున్నాడు. 1954లో మొదలుపెట్టి 2018 దాకా 1,173 సార్లు ఇచ్చాడు. సూదంటే భయమట, గుచ్చేటప్పుడు ప్రతిసారీ మొహం పక్కకు తిప్పుకునేవాడట. ఆయన ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, అరుదైన యాంటీబాడీ ఉందని తర్వాత తెలిసింది. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే కడుపులోని బిడ్డకు ముప్పు రావచ్చు. దాన్ని ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ తయారీకి ఆయన ప్లాస్మా పనికొచ్చింది. 2025లో, 88 ఏళ్లకు కన్నుమూశారు.

నువ్వూ 18 నిండాక వెళ్లి అడుగు. రక్తం ఎక్కించుకున్న సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పు. కొన్ని దేశాల్లో అలాంటివాళ్ల దగ్గర రక్తం తీసుకోరు. వద్దంటే బాధపడకు, ఇవ్వగలిగిన ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళ్లు.

అప్పటిదాకా ఆగలేకపోతే ఒక పని ఉంది. రక్తం ఇచ్చేవాళ్లకు కూడా తాము ఇచ్చింది ఎవరికి చేరిందో, వాళ్లేమయ్యారో తెలియదు. ఒక కాగితం మీద నీ సంగతి నాలుగు ముక్కలు రాసి రక్తనిధిలో ఇవ్వు. రక్తమిచ్చేటప్పుడు పడుకునే మంచం ఎదుట గోడకు అంటించమని అడుగు. పేరు అక్కర్లేదు. వయసు మాత్రం తప్పకుండా రాయి, పెద్ద అక్షరాలతో.