పౌనఃపున్యం ఒకటా, మూడా?

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఫిజిక్సులో, స్టాటిస్టిక్స్‌లో, జన్యుశాస్త్రంలో కూడా పౌనఃపున్యం అనే మాటే వస్తోందట. మూడూ ఒకటేనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఆ మాట ‘పునః పునః’ నుంచి వచ్చింది. మూడుచోట్లా లెక్కపెట్టేది మళ్లీ మళ్లీ వచ్చేదాన్నే. దేనికి ఎన్నిసార్లు అన్న దగ్గరే తేడా.

కరెంటులో, రేడియోలో సెకనుకు లెక్క. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవర్తనాలు. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 8,37,000. మా నాన్నగారి రేడియో అద్దం మీద అక్కడ ఆయన గీసిన ఎర్ర గీత ఇప్పటికీ ఉంది.

స్టాటిస్టిక్స్‌లో సెకనుతో పని లేదు. క్లాసులో ఏడుగురికి 35 మార్కులొస్తే, 35కి పౌనఃపున్యం 7. అంతే.

పిల్లలు తడబడేది జన్యువుల దగ్గర. అక్కడ మనుషుల్ని కాదు, జన్యువు ప్రతుల్ని లెక్కపెట్టాలి. మనిషికి రెండేసి కాబట్టి 100 మందికి 200. వాటిలో 20 ఒక రకమైతే దాని పౌనఃపున్యం 0.1. రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బు 10,000 మందిలో ఒకరికి ఉందనుకోండి. 1908లో ఇంగ్లండ్ గణితవేత్త హార్డీ, జర్మన్ వైద్యుడు వైన్‌బర్గ్ విడివిడిగా చెప్పిన సూత్రం ప్రకారం, చెడ్డ ప్రతి పౌనఃపున్యాన్ని దానితోనే గుణిస్తే ఆ 10,000లో ఒకటి రావాలి. అంటే అది 0.01. కానీ జబ్బు లేకుండా ఒక్క చెడ్డ ప్రతిని మోసేవాళ్లు (2 × 0.01 × 0.99) దాదాపు 50 మందిలో ఒకరు! మేనరికాల్లో ఇద్దరూ ఒకే చెడ్డ ప్రతిని మోసే అవకాశం ఇంకా పెరుగుతుంది. ఈ లెక్క మాత్రం అమ్మాయి చేత కాగితం మీద చేయించండి.