సికింద్రాబాద్ పోస్టింగ్: క్వార్టరా, బయట అద్దె ఇల్లా?

మీ వారు ఆర్మీలో హవల్దార్, సికింద్రాబాద్ పోస్టింగ్ వచ్చింది, ఇద్దరు స్కూలు పిల్లలు, తిరుమలగిరిలో క్వార్టర్ తీసుకోవాలా లేక అల్వాల్‌లో అద్దెకుండి హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) తీసుకోవాలా అని అడిగారు. క్వార్టరే తీసుకోండి. పాత బ్లాకైనా సరే.

ముందు లెక్క సంగతి, ఎందుకంటే ఇది చాలామంది తప్పు వేస్తారు. డీఏ (కరువు భత్యం) 50 శాతానికి చేరడంతో 2024 జనవరి నుంచి హెచ్ఆర్ఏ ఎక్స్ అనే అతిపెద్ద నగరాల్లో 30 శాతం, వై అనే తర్వాతి స్థాయి నగరాల్లో 20, మిగతా చోట్ల 10 అయింది. సికింద్రాబాద్ హైదరాబాద్‌తో పాటు ఎక్స్‌లోకే వస్తుంది, విశాఖ, విజయవాడ వై. ఈ శాతం బేసిక్ మీదే కడతారు, ఎంఎస్‌పీ (మిలిటరీ సర్వీస్ పే) కలపరు. బేసిక్ 34,900 ఉంటే చేతికొచ్చేది 10,470. ఎంఎస్‌పీ 5,200 కూడా కలిపేసుకుని 12,030 వస్తుందనుకుని ఇల్లు మాట్లాడుకున్నవాళ్లకి నెలకి 1,560 జేబులోంచి పోతుంది. లోతుకుంట, అల్వాల్, యాప్రాల్ వైపు పిల్లలతో ఉండదగ్గ డబుల్ బెడ్‌రూం ఆ పదివేలకి దొరకడం కష్టం. దొరికినా మెయింటెనెన్స్, మోటారు కరెంటు, ఎండాకాలం ట్యాంకర్ నీళ్లలో వాటా, రెండు మూడు నెలల అడ్వాన్సు అన్నీ వేరే.

డబ్బు ఒక ఎత్తు, ఆయన ఇంట్లో లేని రోజులు ఒక ఎత్తు. పీస్ స్టేషన్ (కుటుంబంతో ఉండగలిగే పోస్టింగ్) అన్నంత మాత్రాన రోజూ సాయంత్రం ఇంటికొస్తారని కాదు. కోర్సు, ఎక్సర్‌సైజ్, టెంపరరీ డ్యూటీ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి పిల్లాడికి నూటమూడు జ్వరమొస్తే మిలిటరీ హాస్పిటల్ (ఎంహెచ్) దగ్గర్లో ఉండటం, తలుపు కొడితే పలికే పక్కింటివాళ్లు కూడా యూనిట్ కుటుంబమే కావడం, వీటికి నెల అద్దెతో వెల కట్టలేం. బయట ఉన్నా డిపెండెంట్ కార్డుతో ఎంహెచ్‌లో చూపించుకోవచ్చు, కాకపోతే ఆ వేళప్పుడు అక్కడిదాకా మీరొక్కరే వెళ్లాలి.

అయితే క్వార్టర్ తీసుకునేవాళ్లు అశ్రద్ధ చేసేది మార్చింగ్ ఇన్ రోజు, అంటే క్వార్టర్ మీకు అప్పజెప్పే రోజు. క్వార్టర్ల నిర్వహణ చూసే ఎంఈఎస్ (మిలిటరీ ఇంజినీర్ సర్వీసెస్) తరఫు మనిషి ఇన్వెంటరీ కాగితం పట్టుకొస్తాడు, మీ వారు డ్యూటీకి టైమైందని గుమ్మంలోనే సంతకం పెట్టేస్తారు. రెండేళ్లకో మూడేళ్లకో ఖాళీ చేసి అప్పగించే మార్చింగ్ అవుట్‌లో ఆ కాగితమే బయటికి తీస్తారు. అందులో సీలింగ్ ఫ్యాన్లు నాలుగని ఉండి ఇంట్లో మూడే ఉంటే నాలుగోది మీ ఖాతాలో పడుతుంది. పగిలిన కిటికీ అద్దం, ఊడిన గడియ, పనిచేయని రెగ్యులేటర్, అన్నిటికీ బ్యారక్ డామేజీ కింద కోత. ఆ డబ్బు కట్టి, బాకీ లేదన్న నో డ్యూస్ కాగితం తెచ్చుకోందే క్లియరెన్స్ పూర్తి కాదు, అవతల రైలు రిజర్వేషన్ అయిపోయి ఉంటుంది.

కాబట్టి ఆ రోజు మీరు కూడా వెళ్లండమ్మా. గంట పట్టినా పట్టనివ్వండి. ప్రతి గదిలో ఫ్యాను వేసి రెగ్యులేటర్ ఐదు పాయింట్లూ తిప్పండి. ప్రతి కుళాయి కింద బకెట్ పెట్టి నింపి చూడండి. ఆ బకెట్ బాత్‌రూంలో కుమ్మరిస్తే నీళ్లు తూము వైపు పోతున్నాయో, తలుపు వైపు వస్తున్నాయో తెలిసిపోతుంది. ఫ్లష్ ట్యాంకు నిండాక కూడా కారుతోందా చూడండి. పై అంతస్తు అయితే పడకగదిలో సీలింగ్ మూలలు చూడాలి. కొత్తగా సున్నం వేస్తే చెమ్మ కంటికి కనబడదు, రూపాయి బిళ్లతో తట్టి చూడండి, బోలుగా మోగితే లోపల ప్లాస్టర్ వదిలేసినట్టే. మంచాలు, బల్లల మీద రాసిన నంబరు, కాగితంలో నంబరు ఒకటే కావాలి. కరెంటు మీటర్ రీడింగ్ తేదీతో ఫోటో తీయండి. తేడా కనబడిన ప్రతిదీ సంతకానికి ముందే ఆ కాగితం మీదే రాయించండి, ఒక కాపీ మీ దగ్గర ఉండాలి. ఫ్యూజు, కుళాయి వాషర్ లాంటివి కంప్లైంట్ రాయిస్తే తొందరగా అయిపోతాయి. పైకప్పు కారడం అలా కాదు, దానికి శాంక్షన్, కాంట్రాక్టు కావాలి, కనక వానలు మొదలవ్వకముందే రాయించి కంప్లైంట్ నంబరు దాచుకోండి.

బయట ఇల్లే మేలయ్యే సందర్భం ఒకటుంది. మీకు మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగం ఉంటే తిరుమలగిరి నుంచి రోజూ రాకపోకలకే ప్రాణం పోతుంది, తిరుమలగిరికి మెట్రో కూడా లేదు, పరేడ్ గ్రౌండ్ దాకా వచ్చి ఎక్కాలి. మెహిదీపట్నం, గోల్కొండ వైపు క్వార్టర్ దొరికితే వేరే మాట. క్వార్టర్ వద్దని రాసిచ్చే ముందు మాత్రం, అలా రాస్తే హెచ్ఆర్ఏ ఆగుతుందా అని యూనిట్ క్లర్కుని, స్టేషన్ హెడ్‌క్వార్టర్స్‌ని అడిగి తేల్చుకోండి. ఖాళీ లేదన్న సర్టిఫికెట్ చేతికి రాకుండా ఓనర్‌కి అడ్వాన్స్ ఇవ్వొద్దు.

అద్దెకే దిగితే అగ్రిమెంట్‌లో ఒక వాక్యం పట్టుబట్టి రాయించండి: పోస్టింగ్ వస్తే నెల నోటీసుతో ఖాళీ చేయవచ్చు, అడ్వాన్సులో కోత లేకుండా తిరిగివ్వాలి. ఆర్మీవాళ్లయితే అద్దె ఒకటో తారీకుకి పడుతుందని సంబరంగా ఇల్లిచ్చే ఓనర్లే, పదకొండు నెలలు నిండకుండా బదిలీ వస్తే రంగుల ఖర్చని రెండు నెలల అడ్వాన్సు మింగేస్తారు. ఇది చూస్తే ఒళ్లు మండుతుంది. దేశం కోసం తిరిగే మనిషి దగ్గరా ఇలా చేసేది? కరెంటు మీటరు మీ పోర్షన్‌కి విడిగా ఉందో లేదో కూడా చూడండి. రెండు పోర్షన్లకి ఒకటే మీటరైతే యూనిట్లు కలిసి పై స్లాబులోకి పోతాయి, మీరు తక్కువ వాడినా ఎక్కువ రేటే కట్టాలి. బోరు సంగతి ఓనర్‌ని కాదు, పక్కవాళ్లని అడగండి, ఏప్రిల్‌లో వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పించారని.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ ఇదే ముఖ్యం. ఇక్కడి నుంచి ఆయనకి ఫీల్డ్ పోస్టింగ్ వస్తే మీరేం చేయాలో ఇప్పుడే తెలుసుకోండి. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాలకిచ్చే సెపరేటెడ్ ఫ్యామిలీ క్వార్టర్‌కి అప్లికేషన్ పెట్టి ఇక్కడే ఉండవచ్చు, లేదా కుటుంబం ఉండే ఊరిగా సొంతూరు ఎంచుకుని ఆ ఊరి రేటుకి హెచ్ఆర్ఏ తీసుకోవచ్చు. మరో పీస్ స్టేషన్‌కి వెళ్తే, పిల్లల చదువు కారణంగా విద్యా సంవత్సరం చివరిదాకా క్వార్టర్ ఉంచమని అడగవచ్చు. ఏదైనా రాతపూర్వక అనుమతి కావాలి, గడువు దాటి ఉంటే డామేజ్ రెంట్ వేస్తారు, అది మామూలు ఫీజుకి ఎన్నో రెట్లు.

క్వార్టర్‌లోకి దిగిన రోజుకీ, ఖాళీ చేసిన రోజుకీ పార్ట్ టూ ఆర్డర్ (జీతం రికార్డులో మార్పు ఎక్కించే యూనిట్ ఆర్డర్) పడాలి. దిగినప్పుడు పడకపోతే హెచ్ఆర్ఏ వస్తూనే ఉంటుంది, ఏడాది తర్వాత మొత్తం ఒకేసారి కోసేస్తారు, ఆ నెల జీతం అడుగంటిపోతుంది. ఖాళీ చేసినప్పుడు పడకపోతే రావాల్సింది రాదు. అందుకని మొదటి మూడు నెలల పే స్లిప్పులు మీ ఫోన్‌కి పంపమని మీ వారికి చెప్పండి, అందులో హెచ్ఆర్ఏ గడి మీరే చూడండి. తేడా ఉంటే ఆయన యూనిట్‌లో ఉండగానే క్లర్కు దగ్గర సరి చేయించుకోవాలి.