ముప్ఫై అయిదు మైళ్లకు ఎంత సేపు?

సందేహం: మేము డాలస్‌కు వచ్చి ఏడాదిన్నర అయింది. గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకుని నలుగురం లాస్ ఏంజెలెస్ చూడటానికి వెళ్తున్నాము. హోటల్ ఆనహైమ్‌లో, డిస్నీలాండ్ పక్కన. తిరుగు విమానం శుక్రవారం సాయంత్రం 6:30కి ఎల్‌ఏఎక్స్ (లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం) నుంచి. రెంటల్ కారు కూడా అక్కడే తిరిగి ఇవ్వాలి. ఫోనులో మ్యాప్ 45 నిమిషాలని చూపిస్తోంది కాబట్టి మూడున్నరకు బయలుదేరితే సరిపోతుందా? ఆ ఉదయం మాలిబు వేంకటేశ్వరస్వామి గుడి చూసి రావచ్చా?

సమాధానం: సరిపోదు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మీ కారు హోటల్ ఆవరణ దాటి ఉండాలి. గుడికి ముందు రోజుల్లో ఎప్పుడైనా వెళ్లి రండి, ఆ శుక్రవారం మాత్రం వద్దు. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. కానీ ఈ జవాబు నేర్చుకోవడానికి నాకు 560 డాలర్లు ఖర్చయింది కాబట్టి, మీకు ఊరికే వస్తున్నప్పుడు కొంచెం ఓపికగా వినండి.

2009 ఆగస్టులో మేము ఒహాయోలోని కొలంబస్‌లో ఉండేవాళ్లం. అక్కడ ముప్ఫై మైళ్లంటే ముప్ఫై నిమిషాలు. దూరానికీ కాలానికీ మధ్య ఇంకేదైనా అడ్డు రావచ్చన్న ఊహే నాకు లేదు. నేనూ, నా భార్యా, మూడేళ్ల మా అమ్మాయీ వారం రోజులు మీలాగే లాస్ ఏంజెలెస్ తిరిగి, చివరి రోజు స్వామి దర్శనం చేసుకుని అటునుంచి అటే విమానం ఎక్కుదామనుకున్నాము. అదీ శుక్రవారమే, విమానమూ ఇంచుమించు మీ వేళకే. పేరుకు మాలిబు గుడి అంటారు గాని అది కాలబాసస్ ఊరి దగ్గర, కొండల నడుమ ఉంటుంది. తెల్లని గోపురం, పైన స్వామి, కింద శివాలయం. అక్కడికి వెళ్తే తిరిగి రాబుద్ధి కాదు. మధ్యాహ్నం తలుపులు వేసేలోపే దర్శనం అయిపోయింది. చెట్టు కింద కూర్చుని వెంట తెచ్చుకున్న పులిహోర తిన్నాము, అమ్మాయి నిద్రపోయింది, లేపడానికి మనసొప్పలేదు. రెండున్నరకు లేచాము. విమానాశ్రయం ముప్ఫై మైళ్ల పైచిలుకు కదా, నాలుగు గంటలు చేతిలో ఉన్నాయి కదా అనుకున్నాను.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. కారు తిరిగి ఇచ్చే ముందు పెట్రోలు నింపాలి. 101 ఫ్రీవే పక్కన మొదటి బంకులో ధర చూశాను, తరువాతి ఎగ్జిట్‌లో 14 సెంట్లు తక్కువ ఉన్నట్టు ఎవరో చెప్పారు, దానికోసం ఫ్రీవే దిగి, ఊళ్లో తిరిగి, వరుసలో నిలబడి 12 గాలన్లు పోయించాను. మిగిలింది 1 డాలరు 68 సెంట్లు. అప్పట్లో డాలరు 48 రూపాయలు, కాబట్టి ఎనభై రూపాయలు సంపాదించానని నా భార్యకు గొప్పగా చెప్పాను కూడా. ఆ సంపాదనకు ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. మళ్లీ 101 ఎక్కి 405 ఫ్రీవే దగ్గరకు వచ్చేసరికి మూడున్నర దాటింది.

405 అంటే ఏమిటో కొలంబస్‌లో ఎవరూ చెప్పలేదు. ఉత్తరాన శాన్ ఫెర్నాండో లోయలోని ఊళ్లకూ పడమటి లాస్ ఏంజెలెస్‌కూ మధ్య సెపుల్వేడా కనుమ ఉంది. ఆ కొండ దాటడానికి దారులు తక్కువ, పెద్ద దారి అదొక్కటే. శుక్రవారం సాయంత్రం ఆ రోడ్డు మీద కార్లు నడవవు, పుష్కరాల రేవు దగ్గర జనంలా ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఆ తరువాత ఆ కనుమలో వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి ఉత్తరం వైపు కార్‌పూల్ లేన్ (ఒకరికంటే ఎక్కువమంది ఉన్న కార్లకు విడిగా ఉంచిన వరుస) వేశారు, 2014లో తెరిచారు. రద్దీ మాత్రం నేను చూసినప్పటిలాగే ఉంది.

పక్కనే దక్షిణం వైపు కార్‌పూల్ లేన్ కాస్త కదులుతోంది. నేను దానిలోకి వెళ్లలేదు. ఎందుకంటే, నిద్రపోతున్న మూడేళ్ల పిల్లను మనిషిగా లెక్కపెడతారో లేదోనని భయం. నిజానికి ఇద్దరుంటే చాలు, నేనూ నా భార్యా ఉన్నాం, పైగా కాలిఫోర్నియాలో పసిపిల్లలూ లెక్కలోకి వస్తారు. జరిమానా బోర్డు చూసి నాకు లెక్కలు మరుపుకు వచ్చాయి. ఇప్పుడైతే ఆ బోర్డుల మీద కనీస జరిమానా 490 డాలర్లని ఉంటుంది. మీరు నలుగురు కాబట్టి నిశ్చింతగా వెళ్లండి, కాకపోతే గీతలు విడివిడిగా ఉన్న చోటే లోపలికి వెళ్లాలి, బయటికి రావాలి. జంట గీత దాటితే అది వేరే జరిమానా.

విమానాశ్రయం చేరేసరికి అయిదు. చేరానని అనుకున్నాను గాని చేరలేదు. రెంటల్ కంపెనీల స్థలాలు విమానాశ్రయం లోపల ఉండవు; కారు బయట ఇచ్చి, సామానుతో వాళ్ల బస్సు ఎక్కి టెర్మినల్‌కు రావాలి. బస్సు తిరిగే ఆ దారి గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది, పై అంతస్తు వెళ్లేవారికి, కింది అంతస్తు వచ్చేవారికి. అందరూ ఒక చివర నుంచే లోపలికి రావాలి. ఒకటో టెర్మినల్ ఎదురుగా కనిపిస్తూ ఉంటుంది, మన టెర్మినల్ ఆరో ఏడో అయితే మొత్తం చుట్టి రావలసిందే. మేము కౌంటరు దగ్గర నిలబడేసరికి 5:50. బ్యాగులు తీసుకునే సమయం దాటిపోయిందని అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది. విమానం ఇంకా గేటు దగ్గరే ఉందని నేను వాదించాను. బస్టాండులో కండక్టరుతో వాదించినట్టు వాదించాను. లాభం లేకపోయింది. టికెట్టు మార్చడానికి మనిషికి 150 చొప్పున 450, ఆ రాత్రి హోటలుకు 110. మొత్తం 560 డాలర్లు, అంటే ఇరవై ఆరు వేల ఎనిమిది వందల ఎనభై రూపాయలు. బడిపంతులుగా రిటైరైన మా నాన్నగారికి నెలకు వచ్చే పెన్షన్ అంతకంటే తక్కువ. ఆ రాత్రి హోటల్ మంచం మీద పడుకుని 1 డాలరు 68 సెంట్ల గురించి ఆలోచించాను.

రెండోసారి 2013లో మా అమ్మానాన్నలతో వచ్చాము. ఈసారి ఆనహైమ్ నుంచే, మీరు వెళ్లబోయే దారిలోనే, ఆరు గంటల ముందు బయలుదేరాను. మొదటి దెబ్బ అంత గట్టిది. దారి తేలికే: 5 ఫ్రీవే మీద ఉత్తరంగా కొద్ది దూరం, 91 పడమరకు, 605 ఉత్తరానికి, అక్కడి నుంచి 105 ఎక్కితే అది నేరుగా విమానాశ్రయం ముంగిట్లో దింపుతుంది. కార్‌పూల్ భయం కూడా పోయింది కదా, 105 మీద ధీమాగా ఆ లేన్‌లోనే కూర్చున్నాను. అయితే 105, 110 కలిసే చోట కార్‌పూల్ లేన్ నుంచి నేరుగా 110 ఎక్స్‌ప్రెస్ లేన్లకు ఎక్కించే వంతెనలున్నాయి. చాలా ఎత్తున ఉంటాయి. ఊరంతా కనిపిస్తోందని మా అమ్మ సంబరపడుతుంటే నేనూ చూస్తూ ఆ వంతెన ఎక్కేశాను. దిగేసరికి విమానాశ్రయం వెనక్కు పోతోంది, ఎదురుగా డౌన్‌టౌన్ భవనాలు పెరుగుతున్నాయి. పైగా 2012 నవంబరు నుంచి ఆ లేన్లు టోల్ లేన్లు. నలుగురున్నా సరే, కారులో ఫాస్‌ట్రాక్ అనే టోల్ పరికరం ఉండాలి. మా రెంటల్ కారులో లేదు. విమానం తప్పలేదు గాని ఖర్చు తప్పలేదు: నాలుగు డాలర్లు దాటని టోల్‌కు, జరిమానా, రెంటల్ కంపెనీ తనకు తాను వేసుకున్న రుసుము కలిపి 46 డాలర్లు. ఆ పైన విమానాశ్రయంలో అన్ని గంటలు కూర్చున్నందుకు నలుగురి తిండికి దాదాపు 90. ముందు వెళ్లడానికీ మరీ ముందు వెళ్లడానికీ తేడా ఉందని అలా తెలిసింది.

2015లో ఉద్యోగం మారి లాస్ ఏంజెలెస్ దగ్గరి సెరిటోస్‌కు వచ్చేశాము. అప్పటి నుంచి చుట్టాలను దింపడానికీ ఎక్కించడానికీ ఎన్నిసార్లు ఆ గుర్రపు నాడా తిరిగానో నాకే తెలియదు. ఒక్కరికీ విమానం తప్పించలేదు. కాబట్టి మీ లెక్క నన్ను వేయనివ్వండి.

సాయంత్రం 6:30 నుంచి వెనక్కు రండి. టెర్మినల్‌లో అడుగు పెట్టేది 4:30కి. పెద్దవాళ్లతో, బ్యాగులతో, శుక్రవారం నాడు అంతకంటే తగ్గించకండి. కౌంటరు ఎప్పుడు మూస్తారో, బరువు ఎంతో మీ విమాన సంస్థ పేజీలోనే ఉంటుంది, అది మీరు చదువుకోగలరు. కారు తిరిగి ఇచ్చేది 3:30కి. సామాను దింపడం, బస్సు కోసం నిలబడటం, చుట్టు తిరగడం అన్నిటికీ గంట. ఒంటిగంట నుంచి 3:30 వరకు రోడ్డుది. శుక్రవారం మధ్యాహ్నం ఆ దారికి గంటంబావు నుంచి గంటా ముప్పావు పట్టడం నాకు మామూలే. మిగిలింది మీ అమ్మగారు బాత్రూముకు ఆగమన్నప్పటికీ, ఎక్కడో రెండు కార్లు రాసుకున్నప్పటికీ. మ్యాప్‌ను ఇప్పుడు డాలస్‌లో సోఫా మీద కూర్చుని రాత్రి పదింటికి అడిగితే 45 నిమిషాలనే అంటుంది, అది అబద్ధమూ కాదు. చేరే సమయం ఇచ్చి అడిగే వీలుంది, అలా అడగండి. అది రెండు అంకెలు చూపిస్తే పెద్దది మీది. ప్రయాణానికి సరిగ్గా వారం ముందు, శుక్రవారం అదే వేళకు మరోసారి చూడండి. ఇంగిల్‌వుడ్‌లో 2020లో సోఫై స్టేడియం, 2024లో ఇంట్యూట్ డోమ్ వచ్చాయి, రెండూ విమానాశ్రయానికి కొద్ది మైళ్లలోనే. ఆ సాయంత్రం అక్కడ ఆట గాని పాటకచేరీ గాని ఉంటే ఇంకో అరగంట ముందు కదలండి.

దారిలో 91, 605 కలిసే ముందు పయొనీర్ బులవార్డ్ ఎగ్జిట్ వస్తుంది. అదే ఆర్టీషియా, ఇక్కడి మన భారతీయ బజారు. చీరల కొట్లు, మిఠాయి కొట్లు, నగల కొట్లు. మీ అమ్మగారికి బోర్డు కనిపిస్తే 'ఒక్క అయిదు నిమిషాలు' అంటారు. ఆ అయిదు నిమిషాలు మా ఇంటి ముంగిట్లో నేను పదేళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారీ గంటకు తగ్గలేదు. గురువారమే తీసుకెళ్లండి.

పెట్రోలు ఆనహైమ్‌లోనే, హోటల్ పక్క బంకులో, ధర చూడకుండా నింపండి. విమానాశ్రయం చుట్టుపక్కల బంకుల ధర గాలనుకు బాగా ఎక్కువ ఉంటుంది. ముప్ఫై అయిదు మైళ్లకు ముల్లు పెద్దగా కదలదు. కొన్ని కంపెనీలు దగ్గరలో పోయించిన రసీదు అడుగుతాయి, ఒప్పందం చదివి చూసుకోండి. అలా అడిగితే ఒకటి రెండు గాలన్ల ఎక్కువ ధర భరించండి. నేను చెబుతున్నానంటే నమ్మండి, సెంట్ల లెక్క నాకంటే ఎక్కువ చూసేవాళ్లు మన వాళ్లలోనూ తక్కువ.

పెద్దవాళ్లను ముందు టెర్మినల్‌లో దింపి, మీరొక్కరే కారు ఇచ్చి వస్తానని అనుకుంటారు. వద్దు. దానికోసం ఆ నాడా రెండుసార్లు తిరగాలి, శుక్రవారం ఒక్కో తిరుగుడుకు అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. అందరూ కలిసి రెంటల్ బస్సు ఎక్కండి. డ్రైవరు బ్యాగులు ఎత్తి పెడితే బ్యాగుకు ఒక డాలరు ఇవ్వండి. ఆ డాలరు ఇవ్వడానికి నాకు చేయి రావడానికి ఆరేళ్లు పట్టింది, మీరు అంత ఆలస్యం చేయనక్కరలేదు. పులిహోర కట్టుకెళ్లండి, లోపలికి రానిస్తారు. పెరుగు డబ్బా, ఆవకాయ సీసా మాత్రం ద్రవాల కింద లెక్క, తనిఖీ దగ్గర పారేయిస్తారు.

ఇంకో మాట, ఇది ఈసారికి కాకపోయినా. ఆనహైమ్‌కు పదిహేను మైళ్లలోపే జాన్ వేన్ విమానాశ్రయం ఉంది, డాలస్‌కు అక్కడి నుంచి నేరుగా విమానాలున్నాయి. టికెట్టు మనిషికి ముప్ఫై డాలర్లు ఎక్కువని మీరు ఎల్‌ఏఎక్స్ తీసుకుని ఉంటారు. నేనైనా మీ వయసులో అదే చేసేవాణ్ణి. నలుగురికి 120 మిగిలింది. దానిలోంచి శుక్రవారం సగం రోజు, అదనపు పెట్రోలు, బయటి తిండి తీసేసి చూసుకోండి. మీ టికెట్టు రుసుము లేకుండా మార్చుకునే రకమైతే ఈ రాత్రే ధరల తేడా చూడండి.

కారు అప్పగించేటప్పుడు పెట్రోలు ముల్లు, తిరిగిన మైళ్లు కనిపించేలా ఒక ఫోటో, నాలుగు వైపులా నాలుగు ఫోటోలు తీయండి. వాళ్లిచ్చిన రసీదు నాలుగు నెలలు పారేయకండి. నా 46 డాలర్ల కాగితం కొలంబస్‌లో తలుపు తట్టింది మూడో నెలలో.