కుక్కకు ప్రీబయోటిక్ పెట్టమన్నారు, ఏది పెట్టాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా రాణి లాబ్రడార్. నాలుగేళ్లది, 28 కేజీలు ఉంటుంది. రెండు నెలలుగా దానికి మోషన్ సరిగ్గా లేదు. మొదట గట్టిగానే వస్తుంది, చివర్లో పల్చగా, జిగురుగా పడుతుంది. రోజుకు నాలుగైదుసార్లు తలుపు దగ్గరికి పరిగెడుతుంది. తిండి మాత్రం బాగానే తింటోంది, బరువు తగ్గలేదు. పొద్దున పెరుగన్నం, రాత్రి చికెన్ ముక్కలతో అన్నం పెడతాను. మధ్యలో మా మావగారు తన కంచంలోంచి సాంబారన్నం ముద్దలు పెడతారు, వద్దన్నా వినరు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి "ప్రీబయోటిక్ ఫుడ్స్ పెట్టమ్మా" అంటూ లిస్టు పంపాడు. అందులో ఉల్లి, వెల్లుల్లి, అరటిపండు, ఓట్స్, చికోరీ ఉన్నాయి. పెట్ షాపు అబ్బాయి ఒక పొడి డబ్బా అంటగట్టాడు. దేనితో మొదలుపెట్టను?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ముందు ఆ లిస్టులో మొదటి రెండూ కొట్టేయండి. మీ అబ్బాయి తప్పేం లేదు. ఉల్లిలో, వెల్లుల్లిలో ఇనులిన్ అనే పీచు ఉంటుంది, మనుషుల పేగులకు అది మంచిదే. కానీ ఆ లిస్టు రాసింది మనుషుల కోసం. ఉల్లి జాతిలో ఉండే గంధకపు పదార్థాలు కుక్క ఒంట్లో ఎర్ర రక్తకణాలను దెబ్బతీసి పగిలిపోయేలా చేస్తాయి. ఒంటి బరువులో అర శాతం మించి ఉల్లి ఒకేసారి తింటే ప్రమాదమని లెక్క. రాణికి అది 140 గ్రాములు, అంటే దాదాపు రెండు మధ్యరకం ఉల్లిపాయలు. నాలుగు కేజీల పామరేనియన్‌కైతే 20 గ్రాములు చాలు. రోజూ కొంచెం కొంచెంగా తిన్నా హాని పేరుకుంటుంది. వెల్లుల్లి ఉల్లికంటే ఘాటు. ఉడికించినా, వేయించినా, పొడి కొట్టినా ఆ విషం పోదు. చిగుళ్లు పాలిపోవడం, నీరసం, మూత్రం కాఫీ రంగులోకి మారడం లాంటివి వెంటనే కనబడవు, కొన్ని రోజుల తర్వాత బయటపడతాయి. అందుకే ఎవరూ దాన్ని మొన్నటి సాంబారుతో ముడిపెట్టరు.

కాబట్టి మావగారి ముద్దలు ఈరోజే ఆగాలి. సాంబారులో ఉల్లే కాదు, కారం, పులుపు, తాలింపు నూనె కూడా ఉన్నాయి. పశువైద్యశాలలో పనిచేసినన్నాళ్లూ పొట్ట చెడిన కుక్కల వెనక నాకు ఎక్కువగా కనిపించింది ఇలాంటి ప్రేమే. మీరు చెబితే పెద్దాయన వినకపోతే ఈ పేజీ చేతిలో పెట్టండి. కోపం నామీద చూపించమనండి. చేత్తో పెట్టకపోతే ఆయనకు తోచదంటే, ఉడికించిన క్యారెట్ ముక్కలు ఓ గిన్నెలో పోసి పక్కన ఉంచండి.

ఇక ప్రీబయోటిక్ సంగతి. కుక్క అరిగించుకోలేని కొన్ని రకాల పీచు చిన్నపేగు దాటి పెద్దపేగుకు చేరుతుంది. అక్కడున్న బాక్టీరియాకు అదే భోజనం. ప్రీబయోటిక్ అంటే ఆ పీచే. అవి ఆ పీచును పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలను తయారుచేస్తాయి. పెద్దపేగు లోపలి పొర బతికేది ముఖ్యంగా ఆ బ్యుటిరేట్ మీదే. పొర బాగుంటే నీటిని సరిగ్గా పీల్చుకుంటుంది, మోషన్ గట్టిపడుతుంది. పెరుగులో ఉండేవి బతికున్న బాక్టీరియా, అది వేరే సంగతి. ఉప్పు, తాలింపు లేకుండా రెండు చెంచాల పెరుగు పెడితే చాలా కుక్కలు తట్టుకుంటాయి, పెట్టండి. అయితే పెరుగు బాక్టీరియా కుక్క పేగుల్లో స్థిరపడిపోతుందని అనుకోవద్దు.

మీరు రాసిన లక్షణాలు చూస్తే ఇబ్బంది పెద్దపేగులో ఉన్నట్టుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వెళ్లడం, జిగురు, బరువు తగ్గకపోవడం దాని గుర్తులు. చిన్నపేగు చెడితే ఒక్కోసారి చాలా ఎక్కువగా పోతుంది, కుక్క చిక్కిపోతుంది. పెద్దపేగు ఇబ్బందికి పీచు బాగానే పనిచేస్తుంది, కాబట్టి మీ అబ్బాయి ఆలోచన మంచిదే. కానీ రెండు నెలలైందంటున్నారు. డబ్బా మూత తీసేముందు మలపరీక్ష చేయించాలి. కొంకి పురుగులు, జియార్డియా అనే కంటికి కనబడని పరాన్నజీవి పేగుల్లో ఉంటే ఎంత ఖరీదైన ప్రీబయోటిక్ పోసినా వృథాయే. జియార్డియా రోజూ మలంలో కనిపించదు. అందుకని ఒక్క శాంపిల్‌తో సరిపెట్టకుండా రెండు మూడు రోజులవి విడివిడిగా మూత ఉన్న డబ్బీల్లో పట్టుకెళ్లండి. మీ ఊరి పశువైద్యశాలలో కుదరకపోతే ఊళ్లో ల్యాబ్ ఉన్న పెట్ క్లినిక్ చూడండి.

ఇంట్లో పాత మెట్రోనిడజోల్ మాత్రలుంటే మాత్రం ముట్టుకోకండి. "మోషన్స్ అయితే అదే కదా" అని చాలామంది సగం మాత్ర వేసేస్తారు. జబ్బేమీ లేని కుక్కలకు ఇచ్చి చూసినా పేగుల్లోని మంచి బాక్టీరియా దెబ్బతింది, మందు ఆపాక వారాలు గడిచినా పూర్తిగా తేరుకోలేదు. డాక్టరు రాస్తే వేయండి, లేకపోతే వద్దు.

పరీక్షలో ఏమీ తేలకపోతే తీపి గుమ్మడితో మొదలుపెట్టండి. దిష్టికి కట్టే బూడిద గుమ్మడి కాదు, కూరకు తెచ్చే ఎర్రటిది. తొక్క, గింజలు తీసి, ఉప్పు లేకుండా మెత్తగా ఉడికించి, రాత్రి అన్నంలో ఒక పెద్ద చెంచా కలపండి. నాలుగైదు రోజులు చూసి రెండు చెంచాలు చేయండి. దాంతో చాలకపోతే ఇసబ్‌గోల్ పొట్టు అర టీ స్పూను నీళ్లలో బాగా నానబెట్టి కలపండి. పొడిగా ఎప్పుడూ వేయొద్దు, గొంతులో అడ్డుపడుతుంది. గిన్నెలో నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉండాలి. అరటిపండు రెండు మూడు ముక్కలు, నీళ్లలో ఉడికించిన ఓట్స్ ఒక చెంచా ఇచ్చినా తప్పులేదు. అన్నీ ఒకేసారి మొదలుపెడితే ఏది పడింది, ఏది పడలేదు అన్నది మీకూ తెలీదు, నాకూ తెలీదు. పీచు మోతాదు మించితే గ్యాసు, మళ్లీ లూజ్ మోషనే. రాణి మీ సోఫా పక్కన పడుకునేదైతే మీకే ముందు తెలుస్తుంది.

చికోరీ అన్నారు కదా, కాఫీ పొడిలో కలిపే వేరు అదే. ప్రీబయోటిక్ పొడుల్లోని ఇనులిన్ ఎక్కువగా దాన్నుంచే తీస్తారు. అలాగని కాఫీ పొడి జోలికి వెళ్లకండి, కెఫీన్ కుక్కకు విషం.

పెట్ షాపు డబ్బాను వెనక్కి తిప్పి చదవండి. ఇనులిన్, ఎఫ్‌ఓఎస్ (ఇనులిన్ లాంటిదే ఇంకో పీచు), ఎంఓఎస్, బీట్ పల్ప్ (చక్కెర దుంప పిప్పి) వంటి పేర్లలో ఏదో ఒకటి ఉండాలి. ఎంఓఎస్ ఈస్ట్ గోడల నుంచి వస్తుంది. సాల్మొనెల్లా లాంటి చెడ్డ బాక్టీరియా పేగుకు అంటుకోకుండా అడ్డుపడుతుంది. కుక్క బరువును బట్టి ఎంత వేయాలో కూడా రాసి ఉండాలి. ముందువైపు నవ్వుతున్న కుక్కపిల్ల బొమ్మ వేసి వెనక మోతాదు రాయని డబ్బాకు నేనైతే డబ్బులివ్వను. అన్నీ సరిగ్గా ఉంటే, రాసిన దాంట్లో పావు వంతుతో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో పూర్తి మోతాదుకు తీసుకురండి.

మలంలో రక్తం కనిపించినా, బరువు తగ్గినా, వాంతులు మొదలైనా ఇవన్నీ ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మా కుక్కపిల్లకు మూడు నెలలు. టీకాలు ఇంకా వేయించలేదు. నిన్నటి నుంచి వాంతులు, రక్తంతో విరేచనాలు. ప్రీబయోటిక్ సాచెట్ వేయొచ్చా?
- నిజామాబాద్ నుంచి ఒకరు

జవాబు: వేయొద్దు. నోటితో ఏమీ పెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకా పడని పిల్లకు ఇలా అయితే మొదట అనుమానించాల్సింది పార్వో అనే వైరస్ జబ్బు. ఒంట్లో నీరు పోయి గంటల్లో చేయి దాటిపోతుంది, సెలైన్ ఎక్కించాలి. మీ ఉత్తరం నాకు చేరేసరికే ఆలస్యమైందేమోనని భయంగా ఉంది. ఇలాంటివి దయచేసి పత్రికకు రాయకండి. ఆ వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. పిల్ల తిరిగిన చోట శుభ్రంగా కడిగాక, ఇళ్లలో వాడే ద్రవ బ్లీచ్ ఒక వంతుకు 30 వంతుల నీళ్లు కలిపి తుడవండి. కొన్ని నెలలపాటు టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను అక్కడికి తేవద్దు.

ప్రశ్న: మాది ఊరకుక్క. ఇంట్లో మిగిలిన అన్నం, కోడిగుడ్డు, అప్పుడప్పుడు చేపముక్క తింటుంది. దానికీ ప్రీబయోటిక్ కావాలా?
- ఒంగోలు నుంచి ఒక రైతు

జవాబు: మలం గట్టిగా ఉండి, ఎత్తితే నేలకు అంటుకోకుండా వస్తోందా? రోజుకు ఒకటి రెండుసార్లే వెళ్తోందా? అయితే ఏమీ కొనకండి. కుక్కలకు తోడేళ్ల కంటే పిండిపదార్థం అరిగించే జన్యువు కాపీలు చాలా ఎక్కువని 2013లో తేలింది, మీ దానికి అన్నం బాగానే అరుగుతుంది. ఆ డబ్బుతో నులిపురుగుల మందు, రేబిస్ టీకా వేయించండి. చేపముక్కలో ముల్లు తీసి పెట్టండి.