ఒకే కాలు, రెండు ఎక్స్‌రేలు, రెండు కొలతలు: ఏది నమ్మాలి?

మీ నాన్నగారి ఎడమ కాలి వంపు మొదటి ఫిల్మ్‌లో 7 డిగ్రీలు, నెల తరువాత తీసినదానిలో 11 డిగ్రీలు వచ్చిందని, కొలిచే సాఫ్ట్‌వేర్ మార్చాలా అని అడిగారు. ఇప్పుడే మార్చకండి. ముందు ఆ రెండు ఫిల్ముల్లో మోకాలి చిప్ప ఎటు తిరిగి ఉందో చూడండి.

మా అమ్మ విషయంలో నేనూ ఇక్కడే చిక్కుకున్నాను. పాలకొల్లు దగ్గర మా ఊళ్లో ఆమె ఏళ్ల తరబడి వరి నాట్లు వేసింది. ఇప్పుడు దొడ్డికాళ్లు, మోకాలు పూర్తిగా చాపలేదు. నిలబెట్టి తుంటి నుంచి చీలమండ దాకా తీసే పొడవు ఎక్స్‌రేను రెండు చోట్ల తీయించాం. సీడీలోని ఫైళ్లను త్రీడీ స్లైసర్ అనే, స్కాన్‌లు చూసి కొలిచే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, తొడ ఎముక తల చుట్టూ వృత్తం గీసి దాని కేంద్రాన్ని, ఆ తరువాత మోకాలి మధ్యను, చీలమండ మధ్యను గుర్తించాను. ఈ మూడూ ఒకే గీత మీద ఉంటే 180 డిగ్రీలు, దానికి ఎంత తేడా ఉంటే అంత వంపు. ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా ఒకటి రెండు డిగ్రీల తేడా మామూలే. అమ్మకు ఒకదానిలో 6, మరొకదానిలో 10 డిగ్రీల వంపు వచ్చింది. మూడు రోజులు విడివిడిగా మళ్లీ గుర్తులు పెట్టినా ఏ ఫిల్మ్‌లోనూ కొలత ఒక డిగ్రీకి మించి మారలేదు. అంటే నా చేతి తప్పు కాదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టాక తెలిసింది. రెండో ఫిల్మ్‌లో చిప్ప బయటి అంచుకు జరిగి ఉంది. తొడ ఎముక పైభాగాన లోపలి వైపు ఉండే చిన్న బొడిపె మరింత పెద్దగా కనిపిస్తోంది. నిలబెట్టినప్పుడు కాలు బయటికి తిరిగిపోయిందన్నమాట.

కాలువ గట్టున నీటి మీదికి వంగిన కొబ్బరి చెట్టును అవతలి గట్టు నుంచి చూడండి, దాదాపు నిటారుగా కనిపిస్తుంది. నాలుగడుగులు పక్కకు నడిస్తే వంపు బయటపడుతుంది. పూర్తిగా చాపలేని మోకాలు కూడా అంతే. కాలు బయటికి తిరిగితే, ముందుకున్న వంపు పక్క వంపుగా కనిపించి లెక్కలో కలుస్తుంది. కాలు పూర్తిగా చాపగలిగేవారిలో ఈ తేడా చాలా తక్కువ.

అందుకే మళ్లీ తీయించాల్సి వస్తే, పాదాలను చూడకుండా మోకాలి చిప్పలను నేరుగా ఎదురుగా ఉంచి తీయమని టెక్నీషియన్‌ను అడగండి. చాలాచోట్ల బొటనవేళ్లు చూసి నిలబెడతారు. మోకాలి కింది ఎముక మెలి తిరిగినవారికి అది సరిపోదు. సీటీ స్కాన్‌లో ఆ మెలికను బాగా కొలవవచ్చు గానీ, పడుకోబెట్టి తీస్తారు కాబట్టి ఒంటి బరువు మోకాలి మీద పడదు, వంపు తక్కువగా కనిపించవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన ఫిల్మ్ ఫొటో మీద మాత్రం కొలవవద్దు. ఫోను కాస్త వాలినా కోణం మారిపోతుంది.

త్రీడీ స్లైసర్ పరిశోధన కోసం తయారైనది, చికిత్సకు ఆమోదం పొందినది కాదు. నా కొలతలు చూసి మేము ఏ నిర్ణయమూ తీసుకోలేదు. రెండు ఫిల్ములూ సర్జన్‌గారి ముందు పెట్టి, చిప్ప తిరిగిన తేడా చూపించాను. ఆయన మూడోది సరిగ్గా నిలబెట్టి తీయించారు, 6 డిగ్రీలే వచ్చింది. మీ నాన్నగారు మోకాలు పూర్తిగా చాపగలరా? ఆ సంగతి రాయండి, దాన్నిబట్టి 7, 11లలో దేనిని ముందు అనుమానించాలో చెబుతాను.