ఏడు చోట్ల ఆడినవాడికి విలువ లేదంటే నేను ఒప్పుకోను

బేస్‌బాల్‌లో ఒక పొజిషన్ అంటూ లేకుండా ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడేవాళ్లకు నిజంగా విలువ ఉంటుందా, లేక ఎక్కడా కుదరనివాళ్లనే అలా తిప్పుతారా అని అడిగారు. అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడు బెన్ జోబ్రిస్ట్ ఆట చూసినవాళ్లెవరికీ ఈ అనుమానం రాదండి.

2016లో నేను అమెరికాకి కొత్త. షికాగో పక్కనే అరోరాలో నలుగురం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నవంబర్ 2 రాత్రి వరల్డ్ సిరీస్ (అక్కడి బేస్‌బాల్ ఫైనల్) చివరిదైన ఏడో మ్యాచ్, క్లీవ్‌లాండ్ జట్టుతో వాళ్ల ఊళ్లోనే. జోబ్రిస్ట్ ఆడుతున్న షికాగో కబ్స్ జట్టు కప్పు గెలిచి అప్పటికి 108 ఏళ్లు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ ఆటగాడు రాజై డేవిస్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టి స్కోరు 6-6 చేసేసరికి మా రూమ్మేట్ ఒకడు లేచి వంటింట్లోకి వెళ్లిపోయాడు, ఇక చూడలేనని. తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యాయి, వాన మొదలైంది, ఓ పావుగంట పైనే ఆట ఆగింది. ఆ టెన్షన్ నాకిప్పటికీ గుర్తే. పదో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లాండ్ వాళ్లు కబ్స్ బ్యాటర్ రిజోకి కావాలనే వాక్ ఇచ్చి, అంటే కొట్టే అవకాశం ఇవ్వకుండా ఊరికే మొదటి బేస్‌కి పంపించి, వెనకాలే వస్తున్న జోబ్రిస్ట్‌తో తేల్చుకుందాం అనుకున్నారు. ఆయన బంతిని మూడో బేస్ పక్కనుంచి లెఫ్ట్ ఫీల్డ్ లైన్ వెంబడి తోసేశాడు, అప్పటికే బేస్ మీదున్న కబ్స్ ఆటగాడు అల్మోరా హోమ్‌కి వచ్చేశాడు, ఒక రన్ వచ్చింది. చివరికి కబ్స్ 8-7తో గెలిచారు, సిరీస్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు) జోబ్రిస్టే.

ఆ సీజన్‌లో ఆయన ఎక్కువగా ఆడింది సెకండ్ బేస్. వరల్డ్ సిరీస్‌కి వచ్చేసరికి అక్కడ కుర్రాడు బయేజ్ ఉన్నాడు, ఈయన లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆడాడు. 2003 ప్రపంచకప్‌లో టీమ్‌లో ఇంకో బ్యాట్స్‌మన్‌కి చోటు దొరకాలని ద్రావిడ్ కీపింగ్ చేశాడే, అచ్చం అలాగే. ద్రావిడ్‌ని ఎక్కడా కుదరనివాడు అంటామా?

నాకు కోపం ఎక్కడంటే, ఇలాంటివాళ్లని 'యుటిలిటీ' (ఏ పనికైనా వాడుకునేవాడు) అని ఒక్క ముక్కతో పక్కన పెట్టేస్తారు. నేను మొదట చేరిన ఆఫీసులోనూ అంతే. టెస్టింగ్‌కి మనిషి లేకపోతే నేను, రాత్రి సపోర్ట్‌కి నేను, సెలవులో ఉన్నవాళ్ల పని నేను, తీరా రేటింగ్ టైమ్‌కి "నీకు స్పెషలైజేషన్ లేదు" అన్నారు. ఆ మాట ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

జోబ్రిస్ట్ కూడా మొదట షార్ట్‌స్టాపే, అంటే రెండు, మూడు బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. హ్యూస్టన్ జట్టు 2006లో ఆయన్ని టాంపా బే జట్టుకి ఇచ్చేసింది, మొదటి రెండేళ్లు బ్యాట్ ఆడనే లేదు. అక్కడ మేనేజర్ జో మ్యాడన్ ఆయన్ని మైదానమంతా తిప్పాడు. పిచర్, క్యాచర్ వదిలేస్తే మిగతా ఏడు చోట్లా ఆడాడు. 2009లో 27 హోమ్ రన్లు కొట్టాడు, ఆ ఏడాది మేటి ఆటగాళ్లతో ఆడించే ఆల్‌స్టార్ మ్యాచ్‌కీ ఎంపికయ్యాడు. 2015లో కాన్సాస్ సిటీతో కప్పు, ఆ వెంటనే కబ్స్‌తో నాలుగేళ్లకి 5.6 కోట్ల డాలర్ల ఒప్పందం, మరుసటి ఏడాది మళ్లీ కప్పు. కుదరనివాడికి ఎవరిస్తారండీ అంత డబ్బు?

వీలైతే ఆ పదో ఇన్నింగ్స్ వీడియో చూడండి. రెండో బేస్ దగ్గర ఆయన అరుస్తూ గంతులేస్తాడు. సరిగ్గా అప్పుడే మా వాడు వంటింట్లోంచి గరిటతో పరిగెత్తుకొచ్చాడు.